సొట్ట

పన్నెండు దాటింది, నిద్ర రావట్లేదు. కారణం చెప్తే నవ్వుతారు, జీపు బానెట్ మీద సొట్ట. పడినందుకు కాదు, పోయినందుకు.

మా ఇంట్లో జీపు గొడవ ఎప్పుడూ ఉండేదే. 1992 మోడల్ మహీంద్రా ఎమ్ఎమ్ 540, తమ్ముడు అమ్మేద్దామంటాడు, నేను వద్దంటాను, నాన్న టీవీ సౌండు పెంచుతాడు. ఈ ఎండలకి బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఆగితే చాలు, ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పాకుతోంది. ఇక లాభం లేదని నేనే రంగంలోకి దిగా.

ముందు వాషర్ల వైద్యం చేశాం. బానెట్ కీళ్ళ బోల్టుల కింద వాషర్లు పేర్చి వెనక వైపు ఒక అంగుళం లేపితే వేడి అక్కణ్ణించి పోతుందని అందరూ చెప్పేదే. నిలబడ్డప్పుడు నిజంగానే పోతోంది, చెయ్యి పెడితే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు సెగ. నాకు మాత్రం అనుమానం తీరలేదు. అమ్మ ఊలు బుట్టలోంచి దారం ముక్కలు కత్తిరించి ఆ సందు పొడవునా టేపుతో అంటించి, గొల్లపూడి దాటాక తమ్ముణ్ణి తోలమని నేను పక్కన కూర్చుని చూశా. యాభై దాటేసరికి దారాలన్నీ బయటికి ఎగరాల్సింది పోయి సందులోంచి లోపలికి దూరాయి! ఆలోచిస్తే అంతే మరి, జీపు అద్దం గోడలా నిటారుగా ఉంటుంది, గాలి వచ్చి దానికి గుద్దుకుంటుంది, అద్దం మొదట్లో ఒత్తిడి పెరుగుతుంది, కార్లలో లోపలికి బయటి గాలి తీసుకునే జాలీ సరిగ్గా అక్కడే పెట్టేది అందుకే. అంటే బండి నడుస్తుంటే వేడిని మేమే లోపలికి తోసి తలుపేస్తున్నాం. వాషర్లు పీకేశాం. ఊలు కత్తిరించినందుకు అమ్మ ఇంకా మాట్లాడట్లేదు, అది వేరే కథ.

సరే, బానెట్ మధ్యలో, రేడియేటర్‌కి కాస్త వెనగ్గా, చేప మొప్పల్లా గాట్లు కొట్టిద్దామని ఆటోనగర్ వెళ్ళా. టింకరింగ్ షెడ్డు, పెద్దాయన, పనిమంతుడే, వంక పెట్టను. చాక్‌పీసుతో గీతలు గీసి ఇచ్చా, బాబాయ్ గాట్ల నోరు అద్దం వైపు ఉండాలి అని రెండుసార్లు చెప్పా. టీ తాగొచ్చేసరికి మూడు కొట్టేశాడు, మూడూ ముందుకి నోరు తెరుచుకుని.

"గాలి లోపలికి పోవాలిగా అమ్మా, అప్పుడేగా చల్లబడేది."

లోపలికి గాలి ముందున్న గ్రిల్లులోంచి రానే వస్తోంది బాబాయ్, లోపలికొచ్చిన వేడిగాలికి బయటికి పోయే దారి లేకే ఈ బాధంతా, లోపల గాలి ఇరుక్కుంటే రేడియేటర్లోంచి కొత్తగాలి ఎట్లా వస్తుంది, పెళ్ళి భోజనాల హాల్లో తిన్నవాళ్ళు లేవకపోతే బయటున్నవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు అని చెప్పా. ఇంతకంటే విడమరిచి ఎవరు చెప్తారు చెప్పండి. ఆయన నవ్వి, పక్క షెడ్డులో ఉన్న పాత ఫార్చ్యూనర్ని చూపించాడు, దానికి ముందుకే ఉంది చూడమ్మా అని. అది ఇంజిన్ మీద పడుకోబెట్టిన ఇంటర్‌కూలర్‌కి, అంటే టర్బో తోసే గాలిని చల్లార్చేదానికి, గాలి కొట్టడానికి, మన జీపుకి ఆ కూలరూ లేదు, టర్బోనే లేదు అన్నా. "ముప్పయ్యేళ్ళ నించి ఇదే పని చేస్తన్నానమ్మా" అన్నాడు. అక్కడితో ఆగినా సరిపోయేది, "ఒకసారి సార్‌తో మాట్లాడించండి" అన్నాడు.

సార్ అంటే మా తమ్ముడు. ఇంజిన్ ఆయిల్ చూసే డిప్‌స్టిక్ ఏదో వాడికి నేనే చూపించా. ఫోన్ కలిపి ఇచ్చా, వాడు ఏసీ రూములో కూర్చుని, నేను పొద్దున వాడికి చెప్పిన మాటలే, ఆ పెళ్ళి భోజనాల పోలికతో సహా, ఆయనకి అప్పజెప్పాడు. ఆయన ఫోనిచ్చేసి "సార్ చెప్పింది కరెక్టేనమ్మా, వేడి బయటికి పోవాల" అన్నాడు. నేను ఏమనాలి? ఏమీ అనలేదు. షెడ్డు బయట నీడలో నిలబడి పూర్తిగా పావుగంట ఏమీ అనలేదు. రెండు గంటలకి అవే రేకులు వెనక్కి తిప్పి, మిగతావి కూడా కొట్టి, రెడ్ ఆక్సైడ్ పూసి ఇచ్చాడు. పని శుభ్రంగా ఉంది, అదే ఇంకా మంట.

బిల్లు ఆరువేల అయిదొందలు. ఇస్తుంటే "సొట్ట కూడా తీసేశా అమ్మా, దానికి డబ్బులొద్దులే" అన్నాడు ప్రేమగా.

ఆ సొట్ట నాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే శ్రీశైలం వెళ్ళాలి. నేను రెండో క్లాసు. జీపులో ఎనిమిది మందిమి, దోర్నాల దాటి నల్లమల ఘాట్ ఎక్కుతుంటే ముల్లు ఎరుపులోకి పోయింది. నాన్న పక్కకి ఆపాడు గానీ ఇంజిన్ ఆపలేదు, ఆపితే ఫ్యానూ ఆగుతుంది, నీళ్ళు తిరగడమూ ఆగుతుంది, అప్పుడే అసలు మరుగుతుందని పెదనాన్నకి చెప్తున్నాడు. మూత మీద చెయ్యేస్తే చంపేస్తా అన్నాడు మా పిల్లల్ని, ప్రెషర్లో ఉన్న నీళ్ళు నూరు దాటినా ఊరుకుంటాయి, మూత తియ్యగానే ఒక్కసారి మొహాన కొడతాయి. కాసేపు చూసి, బానెట్ పక్క క్లాంపులు ఊడదీసి, ముందు వైపు లేపి, రెండు మూలలా పెదనాన్న హవాయి చెప్పులు చెరొకటి ఇరికించి, ఎగిరిపోకుండా తాడుతో బంపర్‌కి కట్టి, మెల్లగా రెండో గేర్లో ఎక్కించాడు. పైకెళ్ళేసరికి ఒక చెప్పు అప్పడంలా వంకర్లు పోయింది. ఎట్లాగూ గుళ్ళోకి చెప్పుల్లేకుండానేగా అన్నయ్యా అన్నాడు నాన్న. శిఖరం దగ్గర బండి చల్లారేదాకా నన్ను ఎత్తుకుని బానెట్ మీద కూర్చున్నాడు, ఆ బరువుకే సొట్ట పడింది. నాకు బాగా గుర్తు.

ఇది రాత్రి భోజనాల దగ్గర చెప్తే నాన్న ముద్ద ఆపి, "మరిగిన ఇంజిన్ మీద ఎవడైనా కూర్చుంటాడా అమ్మాయ్, కాలదూ?" అన్నాడు. ఆ సొట్ట అవనిగడ్డలో మామయ్య వాళ్ళింట్లో కొబ్బరికాయ పడితే వచ్చిందట. "పోయిందా? మంచిది" అని పెరుగు వేసుకున్నాడు.

అంటే ఇన్నేళ్ళూ నేను కొబ్బరికాయని ప్రేమించానన్నమాట. ఇంకా చెప్పులయినా నిజమేనా అని అడగబోయి మానేశా.

అసలు ఇంకో సంగతి, గాట్లు పని చేశాయా అని. గాట్లకి ముందు, తర్వాత బ్యాటరీ పక్కన కొలిచా (కోవిడ్ అప్పటి నుదుటి గన్‌తో కొలవబోతే హై అని చూపించి చేతులెత్తేసింది, తర్వాత వేరేది కొన్నా). ముందు 78, తర్వాత 69. తొమ్మిది డిగ్రీలు! ఎగిరి గంతేశా. తమ్ముడు, ఇవాళ రెండోసారి కరెక్టు మాట చెప్పడానికే పుట్టినట్టు, "మొన్న బయట 43 ఉంది, నిన్న వాన పడి ఇవాళ 36 ఉంది కదక్కా" అన్నాడు. ఏడు తీసేస్తే రెండు. రెండు డిగ్రీలకి ఆరువేల అయిదొందలు. కానీ సాయంత్రం బెంజి సర్కిల్లో రెండు సిగ్నళ్ళు నిలబడ్డా ముల్లు కదల్లేదు, అదయితే నా కళ్ళతో చూశా, బావుంది. వానకేనేమో మరి.

ఇవన్నీ విని నాన్న చెయ్యి కడుక్కుంటూ అన్నాడు, "ఫ్యాను చుట్టూ ఒక డొప్ప ఉండేదే, గడగడమంటోందని నేనే తీయించా, అటక మీద ఉండాలి." డొప్ప లేకపోతే ఫ్యాను రెక్కల ఎదురుగా ఉన్నంత మేరే గాలి లాగుతుంది, మూలలు వదిలేస్తుంది, పైగా పంపిన వేడిగాలినే మళ్ళీ లాక్కుంటుంది. ఈ సంగతి బానెట్‌కి గాట్లు పెట్టకముందు చెప్పొచ్చుగా నాన్నా అంటే, నువ్వు అడిగావా అన్నాడు. షెడ్డాయన మీదున్న కోపం సగం ఇటు తిరిగింది. పాపం ఆయన, సొట్ట ఊరికే తీశాడు కూడా.

ఉరుముతోంది. గాట్ల కింద సరిగ్గా బ్యాటరీ ఉంది, అది చాక్‌పీసుతో గీసినప్పుడు తట్టలేదు. పట్టా కప్పి వస్తా.