పద్నాలుగులో ఒకటి తీసేస్తే: కింగ్ క్రిమ్సన్ ‘డిసిప్లిన్’

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ కింగ్ క్రిమ్సన్ 1981లో చేసిన ఆల్బమ్ ‘డిసిప్లిన్’. దీన్ని నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయే బస్సులో మాత్రం పెట్టుకోకండి. మొత్తం 38 నిమిషాలే, నార్కట్‌పల్లి దగ్గర మొదలుపెడితే చౌటుప్పల్ దాటేసరికి అయిపోతుందని ఆశ పుడుతుంది. కానీ బస్సు ఇంజన్ రొదంతా కింది స్థాయిలోనే ఉంటుంది. టోనీ లెవిన్ వాయించే చాప్‌మన్ స్టిక్ (వేళ్లతో తట్టి వాయించే తీగల వాయిద్యం) మంద్రం కూడా అక్కడే. అది మునిగిపోయిందంటే చెవికి మిగిలేది గిటార్ల గలగల ఒక్కటే. ‘అంతా ఒకేలా ఉంది’ అని పక్కన పెట్టేసేవాళ్లలో చాలామంది ఇలా విన్నవాళ్లే అయి ఉంటారు.

ఫోన్ స్పీకర్‌తో ఇంకో చిక్కు. రాబర్ట్ ఫ్రిప్, ఏడ్రియన్ బెల్యూ గిటార్లు చెరో పక్క నుంచి వస్తాయి. రెంటినీ ఒకే చిన్న స్పీకర్‌లో కలిపేస్తే ఎవరు ఏది వాయిస్తున్నారో తెలియదు. ఇద్దరు దోస్తులు ఇయర్‌ఫోన్ చెరోటి పెట్టుకుంటే ఇద్దరికీ సగం సగమే దక్కుతుంది. రెండు చెవులకూ హెడ్‌ఫోన్ కావాలి, బాస్ బూస్ట్ ఆపేయాలి. బరాత్‌లో డీజేకి పనికొచ్చే సెట్టింగ్ ఇక్కడ స్టిక్‌ని ముద్ద చేస్తుంది.

1974లో బ్యాండ్ నడిపే ఫ్రిప్ దాన్ని ఆపేశాడు. 1981లో మళ్లీ కట్టినప్పుడు పాతవాళ్లలో డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ ఒక్కడే వచ్చాడు. బెల్యూ, లెవిన్ ఇద్దరూ అమెరికన్లు. పాత మెలట్రాన్ (టేపుల మీది స్వరాలు పలికించే కీబోర్డు) లేదు, గంభీరమైన పొడుగు కథలూ లేవు. బ్రూఫర్డ్ సింబళ్లు (డ్రమ్ములతో ఉండే లోహపు పళ్లేలు), వాటిలో జంటగా ఉండే హైహ్యాట్ బాగా తగ్గించాడు. ఇది చిన్న మార్పుగా అనిపిస్తుంది గానీ ఆల్బమ్ రూపమంతా దాంట్లోనే ఉంది. మామూలు రాక్‌లో హైహ్యాట్ ‘చిక్ చిక్’ నిండే జాగా ఖాళీ అయింది. గిటార్ల సన్నని స్వరాలు అందులో కూర్చున్నాయి.

మొదటి పాట ‘ఎలిఫెంట్ టాక్’ సరదా పాట. స్టిక్‌తో మొదలవుతుంది, మధ్యలో బెల్యూ గిటార్ ఏనుగులా ఘీంకరిస్తుంది. అసలు పని రెండో పాట ‘ఫ్రేమ్ బై ఫ్రేమ్’ దగ్గర పడుతుంది. మొదట దూసుకొచ్చే వేగాన్ని చూసి మురిసిపోనక్కర్లేదు, దాన్ని పోనివ్వండి. గిటార్లు రెండూ ఏడు లెక్కలో కుదురుకున్నాక ‘తకిట తకధిమి’ అని లోపల అనుకుంటూ ఉండండి. కర్ణాటక సంగీతంలో ఏడు లెక్కల తాళం మిశ్రచాపు తెలిసినవాళ్లకి ఇది చేతికందిన లెక్కే. రెండు ఏడులు కలిస్తే పద్నాలుగు. కాసేపటికి ఒక గిటార్ ఆ పద్నాలుగులో ఒకటి తీసేసి పదమూడే వాయిస్తుంది. రెండోది కదలదు. చుట్టుకొక్క స్వరం చొప్పున ఎడం పెరుగుతూ పోతుంది. ఒకే వరస కాస్తా ప్రశ్న, జవాబు అయినట్టుంటుంది. తర్వాత మళ్లీ ఒక్కటవుతాయి.

ఇక్కడ రెండు లెక్కలూ ఒకేసారి పట్టుకోబోతే రెండూ జారిపోతాయి. ఒక చెవి ఎంచుకోండి, ఆ గిటార్‌కే తకిట తకధిమి వేయండి. మీ జతి కుదరక చుట్టుచుట్టుకీ ఒక్కటి మిగిలిపోతోందంటే మీరు పట్టుకున్నది పదమూడుని. తప్పు మీది కాదు, చెవి మార్చి చూడండి.

‘మాటే కుదాసాయ్’ నెమ్మది పాట, హాయిగా ఉంటుంది. ‘ఇన్‌డిసిప్లిన్’లో బ్రూఫర్డ్‌ని వదిలేశారు. మిగతావాళ్లు ఒకచోట గట్టిగా నిలబడితే డ్రమ్ములు కట్లు తెంచుకుంటాయి. నాకు నాలుగోసారికే పాతబడింది. ‘తేలా హున్ జింజీత్’లో వినిపించే కంగారు మాటలు నటన కావు. పాట కోసం టేప్ రికార్డర్ పట్టుకుని లండన్ వీధిలోకి పోయిన బెల్యూని ఒక గుంపు బెదిరించింది, ఆ తర్వాత పోలీసులు ఆపారు. వచ్చి జరిగింది చెబుతుంటే అతనికి తెలియకుండా రికార్డు చేశారు.

‘ద షెల్టరింగ్ స్కై’ 8 నిమిషాలు దాటుతుంది. బోలు చెక్క డ్రమ్ము మెత్తగా నడుస్తుంటే దానిమీద గిటార్ సింథసైజర్ (గిటార్‌తో వేరే వాయిద్యాల్లాంటి ధ్వనులు పలికించే యంత్రం) తేలుతుంది. రాత్రి కరెంటు పోయినప్పుడు వినడానికి ఇంతకన్నా మంచిది నాకు తెలియదు.

చివరిది ఆల్బమ్ పేరున్న పాట, మాటల్లేవు. ఎర్ర అట్టమీద ఉన్న మెలిక ముడి చూశారుగా, మన మెలికల ముగ్గులాగే గీత ఎక్కడ మొదలైందో దొరకదు. గిటార్లు కూడా అంతే. అందుకే వాటిని వదిలేసి కాళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టండి. కాలితో కొట్టే బేస్ డ్రమ్ నాలుగు అక్షరాలకి (తాళంలో చిన్న లెక్కలకి) ఒకటి చొప్పున అడుగులేస్తుంది. పైన బ్రూఫర్డ్ చేతులు 17 లెక్కలో తిరుగుతాయి. 17 అంటే నాలుగు నాలుగులు, పైన ఒకటి. చుట్టుకొక అక్షరం చొప్పున చెయ్యి కాలిని వదిలి జారుతుంది. నాలుగు చుట్లకి 68 అక్షరాలు, అంటే సరిగ్గా 17 అడుగులు, అప్పుడు మళ్లీ ఒకేచోట పడతాయి. అరచేత్తో తొడమీద అడుగు వేస్తూ వింటే ఆ కలిసే చోటు తెలుస్తుంది. పాట వేగం ఎక్కడా పెరగదు, ఎవరూ సోలో తీసుకోరు. నలుగురు మొనగాళ్లు ఉండి కూడా ఒక్కడూ ముందుకు తోసుకురాకపోవడమే నాకు ఈ ఆల్బమ్‌లో అన్నిటికన్నా ఇష్టం.

కొన్ని ఎడిషన్లలో చివర ‘మాటే కుదాసాయ్’ ఇంకో రూపం తగిలించారు. ఏడో పాటతో ఆపేయండి, అది వేరే రోజు వినొచ్చు. 1982లో ‘బీట్’, 1984లో ‘త్రీ ఆఫ్ ఎ పర్‌ఫెక్ట్ పెయిర్’ కూడా ఈ నలుగురే చేశారు. మంచి పాటలున్నాయి గానీ ఈ కట్టుబాటు వాటిలో అక్కడక్కడే కనిపిస్తుంది.