పికప్ బ్రేక్ సామాను: డబ్బా మీది పేరు కన్నా లోపలి ముక్కను చూడండి

నల్గొండ నుంచి టన్నున్నర బత్తాయి ఎత్తుకొని పోయే పికప్‌కు, ఇంటి కారుకు బ్రేక్ సామాను ఒకే లెక్కన కొనొద్దు. లోడు బండి ఆపిన ప్రతిసారీ పుట్టే వేడి చాలా ఎక్కువ. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగేటప్పుడు నాసిరకం ప్యాడ్లు (డిస్కును రెండు పక్కలా నొక్కి ఆపే ముక్కలు) నాలుగు మలుపులకే పట్టు వదిలేస్తాయి. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. అందుకే ముందు చూడాల్సింది వేడికి తట్టుకునే గుణం, ధర తర్వాత.

దాన్ని దుకాణంలోనే కొంత తెలుసుకోవచ్చు. చాలా ప్యాడ్ల అంచు మీద అంకెల వరుస చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగాక పట్టు. పట్టును అంకెల్లో చెప్పాలంటే ఈ (E) అక్షరం 0.25 నుంచి 0.35, ఎఫ్ (F) 0.35 నుంచి 0.45, జీ (G) 0.45 నుంచి 0.55. లోడు బండికి ఎఫ్‌ఎఫ్ కన్నా తక్కువ తీసుకోవద్దు. ఎఫ్‌ఈ అని ఉంటే కాగిన కొద్దీ పట్టు తగ్గుతుందని అర్థం. ఎన్ని కిలోమీటర్లు వస్తాయో మాత్రం ఈ అక్షరాలు చెప్పవు.

పేరున్న కంపెనీల డబ్బాలకూ నకిలీలు వస్తాయి కాబట్టి పాత ప్యాడ్ వెంట తీసుకుపోండి. రెండు కొత్త ప్యాడ్ల వెనక రేకులను ఎదురెదురుగా ఆనించి వెలుతురుకు పట్టండి. మధ్యలో సందు కనిపిస్తే రేకు వంకర పోయినట్టు. మందు (డిస్కుకు రాసుకునే పొర), రేకు కలిసే చోట గోరు పెట్టి చూడండి, పగులు గానీ లేచిన అంచు గానీ ఉండొద్దు. రేకు చెవుల మీద రంగు మందంగా పేరుకుంటే ప్యాడ్ బ్రాకెట్‌లో ఇరుక్కొని వెనక్కి రాదు, ఆ ప్యాడ్ త్వరగా అరిగిపోతుంది.

డిస్కుకు కిరాణా దుకాణపు కాంటా చాలు. వేల కిలోమీటర్లు అరిగిన పాత డిస్కు కన్నా కొత్తది తేలిగ్గా తూగిందంటే లోపల ఇనుము తగ్గించారన్నట్టే, తిరిగి ఇచ్చేయండి. పాతదే ఉంచాలనుకుంటే దాని మీద అచ్చు వేసిన కనీస మందం చూసి, అంచు గట్టు మీద కాకుండా ప్యాడ్ రాసుకునే చోట కొలవాలి. ప్యాడ్ల మందు 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చే సమయం వచ్చినట్టే.

వెనక డ్రమ్ముల సంగతి మన దగ్గర మరీ ముఖ్యం. వరి మడుల బురద, ఎర్రమట్టి దుమ్ము లోపలికి పోయి లైనర్లను (డ్రమ్ము లోపల రాసుకొని ఆపే ముక్కలు), డ్రమ్మును ఉప్పుకాగితంలా గీస్తాయి. లైనర్లను డ్రమ్ముకు నొక్కే వీల్ సిలిండర్ రబ్బరు మడత ఎత్తి చూడండి, లోపల తడి ఉంటే అది లీకే. ఆయిల్ తాగిన లైనర్‌ను పెట్రోలు పోసి కాల్చి మళ్లీ బిగించడం కొన్ని షెడ్లలో అలవాటు. పైపైన ఆరినా బండి కాగితే లోపలి ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది, ఆ చక్రం పట్టక బండి రెండో పక్కకు గుంజుతుంది. రెండు చక్రాలకూ లైనర్లు జతగా మార్చాల్సిందే.

ఒక చక్రం బ్రేకు వదలకుండా కాగుతుంటే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) కొనేముందు దాని మీది నిపుల్ (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) కొంచెం వదులు చేయండి. అయినా చక్రం తిరగకపోతే పిస్టన్ గానీ పిన్నులు గానీ పట్టేసినట్టు. తిరిగిందంటే ప్రెజర్ పైన ఎక్కడో ఆగింది. మళ్లీ బ్రేకు తొక్కి పట్టేలా చేసి, ఈసారి రబ్బరు హోస్ పైన ఇనుప పైపు కలిసే జాయింట్ వదులు చేయండి. అప్పుడూ వదలకపోతే హోస్ లోపల ఉబ్బి మూసుకుపోయింది, వదిలితే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ప్రెజర్ పుట్టించే భాగం) వైపు చూడాలి. ఈ పరీక్ష చేయక మంచి కాలిపర్లు పారేస్తుంటారు.

బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద ఏ రకం రాసి ఉంటే అదే పోయాలి. డాట్ 4 రకం కొత్తగా కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీటి తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. ఘాట్‌లో పెడల్ మెత్తగా అడుగుకు పోయేది ఇందుకే. నిరుడు తెరిచి మూత పెట్టిన డబ్బా వాడొద్దు, రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్చండి.

లోడు కోసం కమాను పట్టీలు అదనంగా వేయించినవాళ్లు ఇది తప్పక చూడాలి. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్ దగ్గర లోడును బట్టి వెనక బ్రేకుకు ప్రెజర్ పంచే వాల్వ్ ఉంటుంది. అది బండి ఎంత కుంగిందో చూసి పనిచేస్తుంది. పట్టీలు గట్టిపడితే నిండు లోడులోనూ బండి కుంగదు. వాల్వ్ ఖాళీ బండి అనుకొని వెనక బ్రేకు తగ్గిస్తుంది, భారమంతా ముందు ప్యాడ్ల మీద పడుతుంది. ఎంత మంచి ప్యాడ్లు వేసినా త్వరగా అయిపోతున్నాయంటే ఆ వాల్వ్ రాడ్ సెట్టింగ్ చేయించండి.

బిగించేటప్పుడు హబ్ మీది తుప్పు వైర్ బ్రష్‌తో తీయాలి, లేదంటే డిస్కు వంకరగా కూర్చొని స్టీరింగ్ వణుకుతుంది. కొత్త డిస్కు మీది నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడవండి, డీజిల్‌తో వద్దు. కాలిపర్ పిన్నులకు రబ్బరును పాడు చేయని సిలికాన్ గ్రీజు వాడాలి. హోస్ విప్పితే రాగి వాషర్లు కొత్తవే వేయాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 15 దాకా మెల్లగా పది సార్లు తగ్గించండి, మధ్యలో అర నిమిషం నడవనివ్వండి. కాగిన డిస్కు మీద పెడల్ తొక్కి ఆగి ఉండొద్దు. 100 కిలోమీటర్ల తర్వాత చక్రం నట్లు మళ్లీ ఒకసారి బిగించి చూడండి.