పది రోజుల భర్రుమోత

శనివారం, రాత్రి 10 గంటలు.

సెలవు రోజంతా ఆటోనగర్‌లోనే గడిచిపోయింది. పది రోజులుగా మా కారు చేస్తున్న గోల సంగతి ఈ రోజు ఎలాగైనా తేల్చుకోవాలని పొద్దున్నే బయలుదేరాను. యాక్సిలరేటరు మీద కాలు ఆనించగానే కింది నుంచి 'భర్ర్'మని లేచి, గేరు మార్చడానికి కాలు తీసేసరికి అణిగిపోయి, మళ్లీ తొక్కగానే అందుకునే శబ్దమది. బెంజి సర్కిల్ ఫ్లైఓవరు కింద సిగ్నల్ పడి కదిలేటప్పుడైతే, పక్కన స్కూటరు మీద ఉన్నవాళ్లు తల తిప్పి మరీ చూసేవారు. మొన్న అమ్మను గుడికి తీసుకువెళ్తుంటే, "ట్రాక్టరు మీద పొలానికి పోతున్నట్టుందిరా" అంది.

ఇన్నాళ్లు ఊరుకోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. శబ్దం మొదలవడానికి వారం ముందే ముందు టైర్లు మార్పించాను కనుక, కొత్త టైర్ల రొదేలే, అరిగితే అదే పోతుందని సర్దిచెప్పుకున్నాను. పక్కింటి మాస్టారు మాత్రం వీల్ బేరింగ్ పోయిందని తేల్చేశారు. బేరింగ్ పోతే వచ్చే హోరు బండి వేగాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. యాక్సిలరేటరు వదిలేసినా చక్రం తిరుగుతున్నంతసేపూ వినబడుతూనే ఉంటుంది. ఈ చిన్న విషయాన్ని పరీక్షించి చూడాలన్న బుద్ధి నాకు నిన్న సాయంత్రం గాని పుట్టలేదు. మంగళగిరిలో ఆఫీసు ముగించుకుని వస్తూ, కనకదుర్గ వారధికి ఇంకా కాస్త దూరం ఉండగా, వెనక బండ్లేవీ దగ్గరలో లేవని చూసుకుని, 60 వేగంలో క్లచ్ నొక్కిపెట్టి బండిని దొర్లనిచ్చాను. శబ్దం ఆగిపోయింది. ఇంటికి వచ్చాక సెల్లారులో న్యూట్రల్‌లో నిలబెట్టి, ఇంజిన్‌ను 3,000 ఆర్‌పీఎం దాకా రేజ్ చేస్తే అదే భర్రుమోత, కాకపోతే కొంచెం తగ్గుస్థాయిలో. బండి కదలకుండానే శబ్దం వస్తోందంటే టైర్లకూ బేరింగులకూ దీనితో సంబంధం లేనట్టే.

గురువారం నాడు కంపెనీ సర్వీసు సెంటరులో చూపించినప్పుడు, సైలెన్సర్ ముందు భాగాన్ని, పొగలోని విషవాయువులను తగ్గించే కన్వర్టరుతో సహా మార్చాలని చెప్పి, 34 వేల రూపాయల అంచనా చేతిలో పెట్టారు. కన్వర్టరులో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది కనుక దాని ధర అంత ఉండటంలో ఆశ్చర్యం లేదు. అసలు ఆ కన్వర్టరుకు వచ్చిన జబ్బేమిటని అడిగితే మాత్రం, "మొత్తం ఒకే పార్టుగా వస్తుంది సార్" అన్న సమాధానం తప్ప మరొకటి దొరకలేదు.

ఆటోనగర్ మెకానిక్‌కు అరవై ఏళ్లు ఉంటాయేమో. నేను చెప్పినదంతా విని, బండిని గుంత మీదికి ఎక్కించమని, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచమన్నారు. కుర్రవాడొకడు తడిపిన గోనెపట్టాను నాలుగు మడతలు పెట్టి సైలెన్సర్ గొట్టం చివర అదిమి పట్టుకున్నాడు. పొగకు వెనక దారి మూసుకుపోయేసరికి, ముందు వైపు నుంచి బుస్సుబుస్సుమని పాము బుసలాంటి శబ్దం వచ్చింది. ఆయన గుంతలో నుంచి నన్ను కూడా దిగి చూడమన్నారు. ఇంజిన్ నుంచి వచ్చే గొట్టానికీ కన్వర్టరుకూ మధ్య, జానెడు పొడవున, స్టీలు తీగలతో జడలా అల్లిన మెత్తటి ముక్క ఒకటి ఉంది. వీళ్లు దాన్ని బెల్లో అంటారు. ఒక పక్క ఆ జడ చిక్కు విడిపోయి తీగలు పైకి లేచి ఉన్నాయి; వాటి చుట్టూ బండి అడుగుభాగమంతా పొయ్యి వెనక గోడలా మసి పట్టి ఉంది.

నేను అక్కడితో రోగం తెలిసిపోయిందనుకున్నాను. ఆయన అనుకోలేదు. "ఇది దానంతట అది తెగలేదు సార్. పైనుంచి ఇంజిన్ ఊపేసి తెంపింది" అంటూ బానెట్ ఎత్తించి, తాను పక్కకు జరిగి నిలబడి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి మొదటి గేరులో క్లచ్ కొద్దిగా వదలమన్నారు. తరువాత రివర్సులో కూడా అలాగే చేయమన్నారు. వదిలిన ప్రతిసారీ ఇంజిన్ ఒక వైపుకు ఒరిగి ధబ్బుమని వెనక్కి పడింది. దాన్ని పట్టి ఉంచే మౌంటు రబ్బరు నిలువునా చీలిపోయి ఉంది. ఇంజిన్ లాగుడు మీద ఉన్నప్పుడు కొంత మెలితిరగడం సహజమే, ఆ కదలిక సైలెన్సర్‌కు తగలకుండా ఓర్చుకోవడానికే బెల్లో ఉన్నది. రబ్బరు చీలిపోయి ఆ ఊపు హద్దు దాటేసరికి తీగలు తెగాయి. తొక్కినప్పుడల్లా అసలే పొగ ఒత్తిడి పెరుగుతుంది, ఇంజిన్ ఒరగడంతో బెల్లోలో పడిన చీలిక కూడా మరింత తెరుచుకుంటుంది. 34 వేలు పోసి కొత్త సైలెన్సర్ వేయించినా, ఈ మౌంటు ఇలాగే ఉంటే ఏడాది తిరగకుండానే మళ్లీ అదే గుంత మీద నిలబడేవాడిని.

అందుకే ముందు మౌంటు మార్చి, ఇంజిన్ తన చోట సరిగ్గా కూర్చున్నాకే కొత్త బెల్లో పెట్టి వెల్డింగు చేశారు. ఒరిగిన ఇంజిన్‌కు కొలత తీసి అతికిస్తే ఆ గొట్టం ఎప్పుడూ లాగుడు మీదే ఉంటుందట. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు రెండూ విప్పి పక్కకు పెట్టడం చూసి నాకు గురి కుదిరింది. కరెంటు వెల్డింగు చేసేటప్పుడు ఆ పని మరిచిపోతే బండి కంప్యూటరుకే ఎసరు రావచ్చు.

పని అవుతున్నంతసేపూ ఒక విషయం మనసులో మెదులుతూనే ఉంది. తెగిన చోటు సరిగ్గా ముందు సీట్ల కిందికి వస్తుంది. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ లేదు, వాసనా లేదు. గుడి నుంచి తిరిగి వస్తూ అమ్మ తలనొప్పిగా ఉందంటే, ఎండదెబ్బేమో అనుకుని అద్దాలన్నీ ఎత్తి ఏసీ పెంచాను. అది ఎండదెబ్బే అయి ఉండవచ్చు. అయినా శబ్దం మొదలైన రోజునే రావలసింది.

మౌంటుకు 1,450, బెల్లోకు 1,100, వెల్డింగుకూ కూలికీ కలిపి 1,300. మొత్తం 3,850 రూపాయలయింది. సాయంత్రం నాలుగున్నరకు బండి చేతికి వచ్చింది. బెంజి సర్కిల్ దాకా ఊరికే ఒక చుట్టు తిప్పి, ఫ్లైఓవరు కింద సిగ్నల్ దగ్గర కావాలనే కాస్త గట్టిగా తొక్కాను. ఎవరూ తల తిప్పలేదు.

500 కిలోమీటర్లు తిరిగాక మౌంటు బోల్టులు మళ్లీ ఒకసారి బిగించుకోవాలన్నారు. ఇప్పుడు మీటరు 84,312 చూపిస్తోంది. 84,812 అని వంటింటి క్యాలెండరు మీద, పాల లెక్క పక్కన రాసిపెట్టాను.