జడ్జి నవ్వకపోవడమే అసలు జోకు

బేకింగ్ పోటీల రివ్యూల్లో బూతు జోకులు ఉండొచ్చా అన్న విషయంలో మా ఇంట్లో రెండు పార్టీలున్నాయి. మా మరిది ఎపిసోడ్ చూడడు, రివ్యూ మాత్రం చదివి పడీపడీ నవ్వుతాడు. మా అక్క ఎపిసోడ్ ఒక్కటీ వదలదు, రివ్యూ మాత్రం రెండో పేరా దాటదు. "కేకు గురించి రాయమంటే ఈ కుళ్ళు జోకులేమిటే?" అని నాకు ఫోన్ చేస్తుంది, అదేదో నేనే రాసినట్టు. "అవన్నీ షోలోనే ఉన్నాయి వదినా, రాసినవాడి తప్పేముంది? మీ అక్కగారికి మీరే చెప్పండి" అంటాడు మరిది.

షోలోనే ఉన్నాయన్నది నిజమే. గొడవంతా అక్కడే వస్తోంది.

నేను చెబుతున్నది గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్ గురించి. 2010 ఆగస్టులో బీబీసీ టూలో మొదలైంది, 2017 నుంచి చానల్ 4లో వస్తోంది. పచ్చిక మీద తెల్ల టెంటు. అందులో బేకింగ్ వృత్తిగా లేని మామూలు మనుషులు. వారం వారం మూడు పరీక్షలు: ఒకటి వాళ్ళకి చెయ్యి తిరిగినది, ఒకటి అరకొర రెసిపీ ఇచ్చి అందరిచేతా ఒకే వంటకం చేయించేది, మరొకటి చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టాల్సింది. గెలిచినవాళ్ళకి డబ్బు రాదు. ఒక పూలగుత్తి, ఒక కేక్ స్టాండ్, అంతే. ఈ డబ్బు సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ద్వంద్వార్థాలు ఈ షోకి పుట్టుకతో వచ్చాయి. మొదటి యాంకర్లు మెల్ గెడ్రోయిచ్, సూ పెర్కిన్స్ ఇద్దరూ కామెడీ నుంచి వచ్చినవాళ్ళే. పిండి పిసకడం, ఉబ్బేదాకా ఆగడం, గొట్టాల్లో క్రీమ్ నింపడం... ఇవన్నీ రోజంతా చేసే చోట వాళ్ళు వేరే వెతుక్కోవాల్సిన పని లేదు. కానీ నా దృష్టిలో ఆ షోలో అసలు నవ్వు వాళ్ళిద్దరి వల్ల రాలేదు. అప్పటి జడ్జి మేరీ బెర్రీ వల్ల వచ్చింది.

టార్టు అంటే పేస్ట్రీ గిన్నెలో కస్టర్డో పళ్ళో నింపి కాల్చేది. దాని అడుగు సరిగ్గా కాలక చెమ్మగా మిగిలిపోతే దాన్ని 'సాగీ బాటమ్' అంటారు. ఇంగ్లీషులో బాటమ్ అంటే అడుగే కాదు, పిరుదులు కూడా. జడ్జిలు దాన్ని ఎలా పట్టుకుంటారో చూశారా? ముక్క కింద వెడల్పాటి చాకు దూర్చి పైకెత్తుతారు. పక్కకి వంచి అడుగు చూస్తారు. ఎర్రగా కాలి పొడిగా ఉంటే సరే. పాలిపోయి, తడితడిగా మెరుస్తుంటే ఆ మనిషి పని అయిపోయినట్టే. పేస్ట్రీ గట్టిపడేలోపే పైనున్న కస్టర్డో పళ్ళరసమో అందులోకి ఇంకిపోవడం వల్ల అలా అవుతుంది. అందుకే ఖాళీ పేస్ట్రీ మీద ముందు కాగితం పరిచి, బరువు కోసం పింగాణీ గోళీలో ఎండు గింజలో పోసి ఒకసారి కాలుస్తారు. తర్వాత అవి తీసేసి, అడుగు ఆరేదాకా ఇంకోసారి. టెంటులో గడియారం తరుముతుంటే ఆ రెండోసారికి ఓపిక ఉండదు. చాలామంది దొరికిపోయేది అక్కడే.

షో మొదలయ్యేనాటికి మేరీ బెర్రీకి 75 ఏళ్ళు. చక్కగా దువ్విన జుట్టు, నీటైన జాకెట్టు, మెత్తటి గొంతు. ఆవిడ ఆ ముక్కని వంచి చూసి, అడుగు తడిసిందని ఆ రెండు మాటల్లో తేల్చి చెబుతుంది. ముఖంలో ఏ మార్పూ ఉండదు. రెండో అర్థం ఆవిడకి తట్టిందా, తట్టలేదా? చచ్చినా చెప్పలేం. పక్కన యాంకర్లు పెదవి కొరుక్కుంటుంటారు, ఇంట్లో కూర్చుని మనం పకపకా నవ్వుతుంటాం, ఆవిడ మాత్రం టార్టు సంగతే మాట్లాడుతుంటుంది. మా తాతగారు చాటుపద్యాలు చదివినప్పుడూ ఇంతే. పద్యంలో ఎంత పచ్చి శ్లేష ఉన్నా ఆయన గొంతులో తేడా వచ్చేది కాదు. అర్థమైనవాళ్ళు నవ్వుకునేవాళ్ళు, కానివాళ్ళు తల ఊపేవాళ్ళు, పిల్లలం ఆడుకోవడానికి పోయేవాళ్ళం.

రివ్యూలో ఇదే జోకు ఏమవుతోందో చూడండి. జడ్జి అన్న వాక్యాన్ని ఎత్తి రాస్తారు. పక్కనే కన్నుకొట్టే బొమ్మ. కింద "మేం టార్టు గురించే అంటున్నాం బాబూ" అని ఒక వివరణ. ఆ తర్వాత ఒక పేరా నిండా ఆ టార్టు చేసిన ఆమె నడుము కింది సంగతులు. నవ్వకుండా ఉండాల్సిన మనిషి ఇక్కడ ఎవరూ లేరు. రాసినవాడే అందరికన్నా ముందు నవ్వేసి, మనల్ని మోచేత్తో పొడుస్తున్నాడు. మా అక్కకి కంపరం పుట్టేది ఈ పొడుపుకే. బూతంటే భయమేమీ లేదు దానికి.

నమ్మకపోతే ఉడుత సంగతి వినండి. ఎపిసోడ్ మధ్యమధ్యలో టెంటు బయటి పూలు, పక్షులు, చెట్లు చూపించడం ఈ షోకి అలవాటు. 2011లో, రెండో సీజన్‌లో, అలా ఒక ఉడుతని చూపించారు. మగ ఉడుత. ఆ విషయంలో ఎవరికీ సందేహం రానంత మగ ఉడుత. కెమెరా వైపు తిరిగి దర్జాగా నిలబడింది. టెంటులో ఎవరూ దాని గురించి నోరెత్తలేదు, మళ్ళీ బేకింగ్ మొదలు. చూస్తున్న జనం మాత్రం ట్విట్టర్లో ఊగిపోయారు, పత్రికలు కూడా రాశాయి. ఆ క్లిప్ మా అక్కకి చూపిస్తే కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "దానికేం తెలుసే పాపం, దాని మానాన అది నిలబడింది" అంది. మేరీ బెర్రీ కథే ఇదీనూ. ఉడుత నవ్వలేదు కాబట్టి మనం నవ్వాం.

బూతు జోకుల మీద చిరాకు పడేవాళ్ళని చాదస్తపు మనుషులని తీసిపారేయడం రివ్యూలు రాసేవాళ్ళకి బాగా అలవాటు. "ఎనభైల్లో ఆగిపోయారు మీరు" అంటారు. ఆ చిరాకు పడేవాళ్ళే రాత్రి ఎనిమిది గంటలకి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ షో చూస్తారు మరి. బ్రిటన్‌లో పెద్దలకి మాత్రమే తగిన మాటలు, దృశ్యాలు రాత్రి తొమ్మిది దాటాకే వేయాలని నియమం. అంటే ఇది పిల్లలు మేలుకుని ఉండే వేళ వచ్చే కార్యక్రమం. పిల్లలకి అందులో కేకు వినిపిస్తుంది, పెద్దలకి కేకూ వినిపిస్తుంది, ఇంకోటీ వినిపిస్తుంది. ఒకే మాట ఎవరికి తగ్గట్టు వాళ్ళకి అందడంలోనే పనితనముంది. రివ్యూ వచ్చి ఆ రెండో అర్థాన్ని నడిబజారులో పెట్టాక ఇంక అందులో పనితనమేముంది?

పైగా ఈ షో ప్రేక్షకులకి ఎక్కడ మండుతుందో తెలియాలంటే 2014 చూడాలి. బేక్డ్ అలాస్కా (కేకు మీద ఐస్‌క్రీమ్ పెట్టి, తెల్లసొన నురగ కప్పి కాల్చేది) చేస్తున్న ఒకతని ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ బయట ఉండిపోయి కరిగింది. అతను ఆ కోపంలో మొత్తం తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాడు, ఆ వారం ఇంటికి వెళ్ళాడు. బీబీసీకి 800కు పైగా ఫిర్యాదులు వెళ్ళాయి. కరిగిన ఐస్‌క్రీమ్ కోసం! పోటీదారుకి అన్యాయం జరిగిందనిపిస్తే ఈ జనం ఊరుకోరు. పాపం ఆ మనిషి పైసా ఆశించకుండా, సెలవు రోజుల్లో వచ్చి పిండి కలుపుకుంటున్నాడు కదా అన్న జాలి వాళ్ళది. పూలగుత్తి, కేక్ స్టాండ్ సంగతి గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే. బాగా డబ్బు తీసుకుని తెర మీదికొచ్చిన నటుణ్ణి ఆటపట్టించడమూ, వీళ్ళని ఆటపట్టించడమూ ఒకటేనా?

2013 సీజన్ ఈ విషయంలో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఫైనల్లో ముగ్గురూ ఆడవాళ్ళే. వాళ్ళలో రూబీ టాండో చదువుకునే అమ్మాయి. జడ్జి పాల్ హాలీవుడ్‌ని కన్నుగీటి బుట్టలో వేసుకుని నెగ్గుకొస్తోందని జోకుల మీద జోకులు. ఆమె పేస్ట్రీ పొరలు ఎలా విడాయి, రుచులు ఎలా కుదిరాయి అన్నది ఎవడికీ పట్టలేదు. ఫైనల్ అయ్యాక ఆమే గార్డియన్ పత్రికలో వ్యాసం రాసి, కేకుల పోటీ చుట్టూ ఇంత విషం, ఆడవాళ్ళ మీద ఇంత చులకన ఏమిటని గట్టిగా అడిగింది. మరిదికి ఇది చెప్పినప్పుడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అది జోకు కాదు కదా వదినా, ఏడుపు" అన్నాడు. ఆ ఒక్క విషయంలో రెండు పార్టీలూ కలిశాయి.

షో కూడా ఏమంత పతివ్రత కాదు. 2022లో మెక్సికన్ వారం అని పెట్టి, అప్పటి యాంకర్లు నోయెల్ ఫీల్డింగ్, మాట్ లూకస్ పెద్ద టోపీలు, రంగుల శాలువాలు కప్పుకుని వచ్చారు. మెక్సికన్ జోకులు వేయకూడదు, జనం నొచ్చుకుంటారు అని ఒకరంటే, దానికి రెండోవారు మెక్సికన్ పేరు మీదే శ్లేష వేశారు. జనానికి ఒళ్ళు మండింది. మరుసటి ఏడాది నిర్మాతలు దేశాల పేరుతో వారాలు పెట్టడం మానేశారు. అదీ శ్లేషే కదా, మరి ఎందుకు పండలేదు? వేసేవాళ్ళే "ఇప్పుడు జోకు వేస్తున్నాం, చూడండి" అని ముందే డప్పు కొట్టుకున్నారు. నవ్వని మనిషి ఆ తెర మీద ఒక్కడూ లేడు. సరిగ్గా రివ్యూలు చేసే పనే షో చేసింది.

మోటు హాస్యం బాగా పండిన చోటు కూడా ఒకటుంది. 2014 నుంచి జో బ్రాండ్ నడిపే ఎక్స్‌ట్రా స్లైస్. బేక్ ఆఫ్ ఎపిసోడ్‌ని విప్పి, నాలుగు జోకులు వేసుకునే అనుబంధ కార్యక్రమం, ఒక రకంగా టీవీలో వచ్చే రివ్యూనే. జనం తాము చేసిన కేకులు స్టూడియోకి పట్టుకొస్తారు, ఫోటోలు పంపుతారు. అందులో ఉండకూడని ఆకారంలో తేలినవి బోలెడు. జో బ్రాండ్ వాటిని చూసి, ఏ భావమూ లేని గొంతుతో ఒక మాట అంటుంది, తెచ్చినవాళ్ళే విరగబడి నవ్వుతారు. ఎవరి కేకు వాళ్ళే తెచ్చి ముందు పెట్టి, "అను" అన్నాక అన్న మాట అది. మా అక్క దీన్ని వదలకుండా చూస్తుంది, మరిదితో కలిసి మరీ.

మెల్, సూ గురించి ఒక ముక్క చెప్పాలి. రివ్యూలు రాసేవాళ్ళు తమ నోటి దురుసుకి వాళ్ళిద్దర్నీ గురువులుగా చూపించుకుంటారు కాబట్టి. మొదటి సీజన్ షూటింగ్‌లో షో తీసేవాళ్ళు పోటీదారుల్ని కెలికి ఏడిపించి, ఆ కన్నీళ్ళు కెమెరాలో పట్టాలని చూస్తుంటే వాళ్ళిద్దరూ కాదని బయటికి నడిచారని సూ పెర్కిన్స్ తర్వాత ఇంటర్వ్యూలో చెప్పింది. ఆ పద్ధతి మారాకే తిరిగి వచ్చారట. ఆ తర్వాత కూడా టెంటులో ఎవరైనా కళ్ళు తుడుచుకుంటుంటే వీళ్ళు వెళ్ళి పక్కన నిలబడేవారు. కోటు అడ్డం పెట్టేవారు, లేదా పచ్చి బూతులు వరసగా తిట్టేవారు. ఎనిమిది గంటల కార్యక్రమంలో ఆ మాటలు వేయలేరు కాబట్టి ఆ ఫుటేజ్ ఇంక పనికిరాదు, ఆ కన్నీళ్ళు ఇంటింటికీ వెళ్ళవు. నేను చదివిన రివ్యూల్లో ఒకదాని నెత్తిన ఏడుస్తున్న పోటీదారు ముఖమే ఉంది, స్క్రీన్‌షాట్. కింద పడిన కేకు కాదు, ముఖం. దాని మీద పెద్దక్షరాల్లో ఆమె అడుగుభాగం గురించి జోకు. రాసినవారు తమకి మెల్, సూ ఆదర్శమని చివర్లో రాసుకున్నారు.