లౌటోకాలో ఒక శనివారం: ఫిజీ రగ్బీ లీగ్ చూసొచ్చిన కథ

సిడ్నీలో పారమట్టా, వెంట్‌వర్త్‌విల్ వైపు కాపురం పెట్టిన తెలుగువాడు క్రికెట్ తప్ప ఇంకో ఆట చూడనని ఎంత భీష్మించుకున్నా రగ్బీ లీగ్ వదలదు. సోమవారం ఆఫీసులో అదే గోల, పిల్లల స్కూలు గేటు దగ్గరా అదే. చూడగా చూడగా నాకూ అలవాటైంది, పైగా వింగ్‌లో బంతి పట్టుకుని దూసుకుపోయేవాళ్లలో ఫిజీ పేర్లు ఇన్ని ఉన్నాయేంటని ఒక కుతూహలం. అందుకే సెలవులకి ఫిజీ అనుకోగానే, రిసార్టులో పడుకోవడం నా వల్ల కాదు, లౌటోకాలో ఒక మ్యాచ్ చూడాల్సిందేనని మా ఆవిడకి ముందే చెప్పేశాను. ఆవిడ రానంది. పిల్లలు స్విమ్మింగ్ పూల్ వదిలితే కదా!

నాంది నుంచి లౌటోకాకి టాక్సీలో అరగంట పైచిలుకు. దారి పొడవునా చెరకే, చెరకు మోసే బుల్లి రైలు పట్టాలు రోడ్డు పక్కనే వస్తుంటాయి. డ్రైవర్ పెద్దాయన పేరు చివర నాయుడు అని ఉంది. ఆశగా తెలుగులో పలకరించాను, నవ్వి ఊరుకున్నాడు. వాళ్ల నానమ్మ దగ్గర తెలుగు ఉండేదట, ఆయన దాకా రాలేదు. నా హైదరాబాద్ హిందీ, ఆయన ఫిజీ హిందీ కలిసి ఎలాగో నడిచాయి. మద్రాసు రేవు నుంచి తెలుగు, తమిళ కూలీలని గిర్మిట్ (అగ్రిమెంట్, అంటే కూలి ఒప్పందం) మీద ఓడల్లో ఇక్కడికి తేవడం మొదలైంది 1903లో. లౌటోకా చక్కెర మిల్లు నడక మొదలుపెట్టిందీ ఆ ఏడే. మిల్లు యజమాని కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ, అది సిడ్నీది. ఆ లెక్కన మా ఊరి కంపెనీయే వాళ్ల తాతల్ని పనిలో పెట్టుకుంది. ఈ మాట నేనంటే పెద్దాయన, "అయితే ఆ బాకీ నువ్వే తీర్చు భయ్యా" అన్నాడు. జోకే అనుకున్నాను కానీ చివర్లో చిల్లర మాత్రం తిరిగివ్వలేదు.

ఆయనకి రగ్బీ పట్టదు. రగ్బీలో రెండు రకాలు, పాత యూనియన్, దాన్నుంచి విడిపోయిన లీగ్, రెండూ పట్టవు, ఫుట్‌బాల్ అంటే మాత్రం ప్రాణం. ఇది ఆయన ఒక్కడి సంగతి కాదు. ఇక్కడ ఫుట్‌బాల్ సంఘం 1938లో పుట్టినప్పుడు దాని పేరే ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్. చెరకు తోటల్లో మనవాళ్లు ఆ ఆట పట్టుకున్నారు, ఊళ్లలో ఐతౌకెయిలు, అంటే అక్కడి మూలవాసులు, రగ్బీ పట్టుకున్నారు. ఆ గీత ఇప్పటికీ చెరిగిపోలేదు. నిజం చెప్పాలంటే స్టాండ్‌లో మన మొహాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గేటు బయట రోటీ పార్సిళ్లు, బఠాణీలు అమ్మేవాళ్లు మాత్రం దాదాపు అందరూ మనవాళ్లే. చెప్పడం మర్చిపోయాను, ఆ బంగాళాదుంప కూర రోటీ కోసమైనా మళ్లీ వెళ్లొచ్చు.

మైదానం పేరు చర్చిల్ పార్క్. ఆడేది ఫిజీ వాళ్ల లీగ్ జట్టు కైవిటి సిల్క్‌టెయిల్స్, సిడ్నీ నుంచి వచ్చిన ఒక జట్టు మీద. వీళ్లు 2020లో న్యూ సౌత్ వేల్స్ పోటీల్లోకి అడుగుపెట్టారు, పెట్టీ పెట్టగానే కోవిడ్ వచ్చి సరిహద్దులు మూసేశారు. ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు: జట్టుకి పదమూడు మంది, బంతి పట్టుకున్నవాణ్ణి పడేస్తే లేచి కాలితో బంతిని వెనక్కి దొర్లించాలి, ఆరోసారి పడేశారంటే బంతి అవతలివాళ్లది. కబడ్డీలో కూతకొచ్చినవాడి మీద ముగ్గురు పడినట్టే ఉంటుంది, కాకపోతే ఇక్కడ పడేవాళ్లు ఒక్కొక్కరు వంద కిలోలు. టీవీలో ఆ చప్పుడు తెలియదు. నేను గీతకి దగ్గరగా, గడ్డి మీద కూర్చున్నాను. ఒక ప్రాప్ (ముందు వరసలో ఆడే భారీ ఆటగాడు) తల వంచుకుని ముగ్గురి మధ్యలోకి వెళ్లినప్పుడు ఛాతీకి ఛాతీ తగిలిన మోత, వెంటనే ఊపిరి ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చిన శబ్దం, రెండూ విడివిడిగా వినిపించాయి. లేచాడు, మోచేతి నుంచి రక్తం, చొక్కాకి తుడుచుకుని మళ్లీ వరసలో నిలబడ్డాడు. నా వెనక చెప్పుల్లేని పిల్లలు ఖాళీ ప్లాస్టిక్ సీసానే బంతి చేసుకుని వాళ్ల మ్యాచ్ వాళ్లు ఆడేసుకుంటున్నారు, వాళ్ల పాసులు చూస్తే అసలు మ్యాచ్ మీద మనసు నిలవదు.

సిల్క్‌టెయిల్స్ గెలిచారు. సాయంత్రం గ్రాగ్ సభకి నన్నూ కూర్చోబెట్టారు (గ్రాగ్ అంటే ఒక మొక్క వేళ్లు దంచి నీళ్లలో కలిపే పానీయం, కావా అని బయటివాళ్లం అంటాం, బురదనీళ్ల రుచి, నాలిక మొద్దుబారుతుంది, చప్పట్లు కొట్టి ఒక్క గుక్కలో తాగాలి). అక్కడ అందరూ చెప్పే కథ ఒకటే, 2017 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. వెల్లింగ్టన్‌లో, న్యూజిలాండ్ మీద, ఒక్క ట్రై (బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనించడం) కూడా లేకుండా, 4–2తో ఫిజీ గెలిచిన మ్యాచ్. ఆ తర్వాత సెమీస్‌లో ఆస్ట్రేలియా 54–6తో ఉతికేసింది, అది మాత్రం ఎవరూ ఎత్తలేదు. మరి 2016లో రియోలో యూనియన్ సెవెన్స్ (ఏడుగురి ఆట) జట్టు దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ పతకం, అదీ బంగారం తెచ్చింది కదా, ఏడు డాలర్ల నోటు కూడా వేశారు కదా అంటే, ఒకాయన "నోటు వాళ్లకి, జీతం మాకు" అన్నాడు.

ఆ మాట ఊరికే పోయేది కాదు. అసలు ఈ ఆట పుట్టిందే కూలీ డబ్బుల గొడవలో. 1895లో ఉత్తర ఇంగ్లండ్‌లో గని, మిల్లు కార్మికులు పని మానుకుని ఆడినందుకు పోయిన కూలీ కట్టివ్వమంటే రగ్బీ పెద్దలు కుదరదన్నారు, క్లబ్బులు విడిపోయి లీగ్ పెట్టుకున్నాయి. యూనియన్ డబ్బుకి తలుపు తీసింది 1995లో, అంటే సరిగ్గా నూరేళ్ల తర్వాత! సువాలో పుట్టి పసితనంలోనే ఆస్ట్రేలియా చేరిన లీగ్ ఆటగాడు పెటెరో సివొనిసేవా చాలా ఏళ్లు ఆ దేశానికి ఆడి, చివరికి 2013 ప్రపంచకప్‌లో ఫిజీకి కెప్టెన్‌గా వచ్చాడు. సిల్క్‌టెయిల్స్ వెనక నిలబడ్డవాళ్లలో ఆయనా ఒకడు. కుర్రాళ్లని పదిహేనేళ్లకే బయటి క్లబ్బులు పట్టుకుపోకుండా ఇక్కడే ఆడించి పంపాలన్నది ఆలోచన. అయినా పంపడమే. గ్రాగ్ దగ్గర నా పక్కన కూర్చున్న కుర్రాడు మ్యాచ్ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు, సిడ్నీలో రెండు గదుల ఇంటికి అద్దె ఎంత, ట్రైనింగ్‌కి రైల్లో వెళ్లొచ్చా అని మాత్రం వివరంగా అడిగాడు. చెప్పాను. అద్దె వారానికని చెబితే నమ్మలేదు.

వెళ్లాలనుకుంటే: మ్యాచ్ తేదీలు ముందే చూసుకోండి, జట్టు సగం రోజులు ఆస్ట్రేలియాలోనే ఉంటుంది. చేతిలో నగదు ఉంచుకోండి. టాక్సీకి చిల్లర కూడా.