బాత్రూమ్ ప్లాస్టిక్ అంటే సీసాలొక్కటే కాదు

బాత్రూమ్‌లో ప్లాస్టిక్ తగ్గించాలనుకునేవాళ్లు ముందు షాంపూ సీసా మీద పడతారు. సీసా కనీసం కంటికి కనిపిస్తుంది, ఖాళీ అయ్యాక పక్కన పెట్టొచ్చు. నా గొడవంతా నీళ్లతో పాటు డ్రెయిన్‌లోకి జారిపోయే ప్లాస్టిక్ గురించే.

ఒళ్లు రుద్దుకునే ఆ రంగురంగుల వల బంతినే తీసుకోండి. అది చాలావరకు పాలీఇథిలీన్ లేదా నైలాన్. కొత్తలో గరగరలాడుతుంది, వాడగా వాడగా మెత్తబడుతుంది, అంచుల్లో పోగులు లేస్తాయి, ఎవరూ కత్తిరించకుండానే అక్కడక్కడా తెగిపోతుంది. తెగిన తునకలు పోయేది కాలువలోకే కదా! 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ప్లాస్టిక్ ముక్కలన్నీ మైక్రోప్లాస్టిక్స్ కిందికే వస్తాయి.

దీనికి బదులు ఎండిన బీరపీచు హాయిగా పనికొస్తుంది. పొడిగా ఉన్నప్పుడు ముట్టుకుంటే గీరుకుపోతుందేమో అనిపిస్తుంది గానీ, కాసేపు గోరువెచ్చటి నీళ్లలో నానితే లొంగుతుంది. దాంతో ఒకటే చిక్కు, వాడాక గట్టిగా పిండి గాలి తగిలేచోట వేలాడదీయాలి, తడిగా మూలన పడేస్తే జిగురు పట్టి వాసనొస్తుంది. వాసనొచ్చిందంటే మారుమాట లేకుండా మార్చేయండి, పాతది మట్టిలో కలిసిపోతుంది.

స్క్రబ్‌లలో వేసే ప్లాస్టిక్ పూసల మీద ప్రభుత్వాలే కదిలాయి. అమెరికా 2015లో చట్టం చేసింది, బ్రిటన్ 2018లో నిషేధించింది, యూరోపియన్ యూనియన్ నిబంధన 2023లో వచ్చింది. అయితే ఆ యూరప్ నిబంధనలో కూడా పూసలకి వెంటనే తలుపు మూశారు గానీ, మేకప్, లిప్‌స్టిక్, నెయిల్ పాలిష్‌లకి 2035 దాకా గడువిచ్చారు. అంటే అన్నాళ్లూ లేబుల్ చదివే పని మనదే. పాలీఇథిలీన్, పాలీప్రొపిలీన్, నైలాన్-12, పాలీమిథైల్ మెథాక్రిలేట్, ఈ పేర్లు కనిపిస్తే నేనైతే డబ్బా తిరిగి షెల్ఫ్‌లో పెట్టేస్తాను. పాలీఇథిలీన్ గ్లైకాల్ పేరు చూసి మాత్రం కంగారు పడక్కర్లేదు, అది మామూలుగా నీళ్లలో కరిగిపోయేది, పూసల బాపతు కాదు. ముందువైపు ఆకుపచ్చ అక్షరాలతో "నేచురల్" అని రాసి ఉన్నా సరే, డబ్బా వెనక్కి తిప్పి చదవాల్సిందే.

స్క్రబ్ లేకుండా ఉండలేం అనుకుంటే ఒంటికి పంచదార, ముఖానికి మెత్తగా పొడిచేసిన ఓట్స్ చాలు. రెండూ ప్లాస్టిక్‌లా మిగిలిపోయేవి కావు. వాల్‌నట్ పెంకు పొడి సహజమే, నేను కాదనను, కానీ గరుకు గరుకే, ముఖం మీద వద్దు. లిక్విడ్ బాడీవాష్ బదులు సబ్బుబిళ్ల వాడితే సీసా బెడద కూడా తప్పుతుంది. వెదురు బ్రష్ కొని నిశ్చింతగా ఉన్నవాళ్లు ఓసారి కుచ్చు చూడండి, పిడి వెదురే గానీ కుచ్చు చాలా బ్రష్‌లకి నైలానే!

ఇవన్నీ చేస్తే సముద్రం బాగుపడిపోతుందా అంటే, అంత సీన్ లేదు. సముద్రాల్లోకి చిన్న ముక్కలుగానే నేరుగా చేరే మైక్రోప్లాస్టిక్స్‌లో సౌందర్య సాధనాల వాటా 2 శాతమేనని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2017లో అంచనా వేసింది, సింథటిక్ బట్టలు ఉతికితే వచ్చేది ఏకంగా 35 శాతం. అందుకే సబ్బు మార్చేవాళ్లు తువ్వాలు కూడా చూసుకోవాలి, మైక్రోఫైబర్ అంటే చాలావరకు పాలిస్టరే. అలాగని ఉన్నదాన్ని ఇప్పుడే పారేయకండి, చిరిగాక ఈసారి నూలుది కొనండి.