బాకీల పద్దుతో ఒక సీజన్: మిర్యాలగూడలో నా ఆరోవర్స్ రాతలు

మే చివరి వారం

యాసంగి ధాన్యం రాక తగ్గింది. ఏప్రిల్, మే నెలల్లో రైస్ మిల్లులో లెక్కలు రాసే నాలాంటి వాళ్లకు లారీల వరుస, తూకం చీటీలు, తేమ శాతం తప్ప వేరే లోకం ఉండదు. ఇప్పుడు రాత్రి 9:30 దాటాక 40 నిమిషాలు నావి. రెండేళ్లుగా మనసులో పెట్టుకున్న పని మొదలుపెట్టాను. ఆరోవర్స్ ఆగిన చోటు నుంచి ఒక సీజన్ ముందుకు ఊహించి, ఎపిసోడ్ల వారీగా రాయాలి.

తెలియని వాళ్లకు రెండు మాటలు. 2012 అక్టోబరు 10న ‘ఆరో’తో మొదలై, ‘ది ఫ్లాష్’, ‘సూపర్‌గర్ల్’, ‘లెజెండ్స్ ఆఫ్ టుమారో’, ‘బ్లాక్ లైట్నింగ్’, ‘బ్యాట్‌వుమన్’ దాకా కొమ్మలేసిన సీరియళ్ల లోకం అది. ఒక సీరియల్‌లో జరిగింది ఇంకో సీరియల్‌లో తెలుస్తుంది. 2023 మే 24న ‘ది ఫ్లాష్’ 9వ సీజన్ అయిపోవడంతో ఈ లోకం మూతపడింది. ‘సూపర్‌మ్యాన్ అండ్ లోయిస్’ 2024 డిసెంబరు వరకు నడిచినా, అది వేరే భూమి మీది కథ అని రెండో సీజన్ చివర్లో తేల్చేశారు. అందుకే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మూతపడింది అన్నాను గానీ, చాలా కథలు మధ్యలోనే ఉన్నాయి. మా నాన్నమ్మ ఊళ్లో ఒగ్గు కథ చెప్పేవాళ్లు తెల్లవారితే ఆపేవాళ్లు. మళ్లీ రాత్రి సరిగ్గా ఆ చోటు నుంచే ఎత్తుకునేవాళ్లు. నాకు కథ అంటే అదే. ఎత్తుకోకుండా వదిలేస్తే నాకు నిద్ర పట్టదు.

జూన్ మొదటి వారం

సామాను: 200 పేజీల లాంగ్ బుక్ ఒకటి, ఎర్ర పెన్ను, నల్ల పెన్ను. ఇంట్లో పేరుకుపోయిన పాత శుభలేఖలను నాలుగు ముక్కలుగా కత్తిరించి, ఖాళీ వైపు వాడుతున్నాను. ముక్కకు ఒక సన్నివేశం. బీరువా పక్క గోడకు 13 వరుసల్లో పురికొస కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీశాను. వరుసకు ఒక ఎపిసోడ్.

మొదట్లో కొత్త విలన్ ఎవరు, కొత్త శక్తి ఏమిటి అని ఆలోచించి నాలుగు రాత్రులు వృథా చేశాను. ఐదో రాత్రి మిల్లులో చేసే పనే ఇక్కడా చేశాను. కొత్త ఖాతా తెరవకముందు పాత బాకీలన్నీ ఒక పేజీలో దింపాలి. ప్రేక్షకుడికి చూపించి, జవాబు చెప్పని ప్రతి విషయం ఒక బాకీ. లాంగ్ బుక్‌లో మొదటి 6 పేజీలు వీటికే పోయాయి. పెద్దవి ఇవి.

లెజెండ్స్ జట్టు. కాలంలో ముందుకూ వెనక్కూ తిరిగేవాళ్లు వీళ్లు. 7వ సీజన్ చివరి ఎపిసోడ్ 2022 మార్చి 2న వచ్చింది. బూస్టర్ గోల్డ్ అనే కొత్త పాత్ర అప్పుడే పరిచయమైంది. జట్టు నాయకురాలు సారా గర్భవతి అని తెలిసింది. జట్టును కాలం పోలీసులు పట్టుకుపోయారు. ఏప్రిల్ చివర్లో సీరియల్ రద్దయింది. సారా బిడ్డ ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు. నా పుస్తకంలో అన్నిటికంటే పెద్ద బాకీ ఇదే.

విలియం. ‘ఆరో’ ఆఖరి సీజన్‌లో, 2020 జనవరి 21న, 2040వ సంవత్సరంలో జరిగే ఒక ఎపిసోడ్ వచ్చింది. కథానాయకుడు ఆలివర్ కూతురు మియా మీద కొత్త సీరియల్ తీయడానికి వేసిన పునాది అది. దాని చివర్లో మియా అన్న విలియంను ఎత్తుకుపోయారు. ఏడాది తిరిగేసరికి ఆ సీరియల్ లేదని తేల్చేశారు.

ముగ్గురు కొత్త వేగగాళ్లు. ‘ది ఫ్లాష్’ ఆఖరి ఎపిసోడ్‌లో ఏవరీ హో, మ్యాక్స్ మెర్క్యురీ, జెస్ చాంబర్స్‌లను శక్తి వరించింది. అంతే, తెర పడింది. ఇది బాకీ కూడా కాదు, చేతిలో పెట్టిన బయానా.

‘ఆరో’ చివర్లో ఆలివర్ స్నేహితుడు డిగ్గిల్‌కు దొరికిన ఆకుపచ్చ వెలుగు పెట్టెను మాత్రం కొట్టేశాను. ‘ది ఫ్లాష్’ 8వ సీజన్‌లో అతను దాన్ని వద్దనుకున్నాడు. నాకు నచ్చలేదు, కానీ చెల్లింపు చెల్లింపే. నచ్చలేదని తీరిన బాకీని మళ్లీ తెరవకూడదు. ఈ నియమం పుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకున్నాను.

జూన్ మూడో వారం

బాకీ బాగా తీర్చడం ఎలా ఉంటుందో చూడడానికి వార్తాపత్రిక సంగతిని మళ్లీ మొదటి నుంచి చూశాను. 2014 అక్టోబరు 7న వచ్చిన ‘ది ఫ్లాష్’ మొదటి ఎపిసోడ్ చివర, రహస్య గదిలో భవిష్యత్తు పత్రిక కనిపిస్తుంది. తేదీ 2024 ఏప్రిల్ 25. సంక్షోభంలో ఫ్లాష్ మాయం అని శీర్షిక. 5వ సీజన్ చివర్లో ఆ తేదీ మన కళ్ల ముందే 2019 డిసెంబరు 10కి మారుతుంది. ఈ సీరియళ్లన్నీ కలిసిన కథ ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ మూడో భాగం ప్రసారమైంది సరిగ్గా ఆ డిసెంబరు 10నే. ఫ్లాష్ అయిన బ్యారీ చనిపోతాడనే టెన్షన్‌తో ఐదేళ్లు కూర్చోబెట్టి, చివరికి 1990 నాటి సీరియల్‌లో ఫ్లాష్‌గా చేసిన జాన్ వెస్లీ షిప్‌ను అదే పాత్రలో తెచ్చి, అతని చేత ప్రాణత్యాగం చేయించారు. మాట తప్పలేదు, ఒక ఫ్లాష్ నిజంగానే పోయాడు. వడ్లు తీసుకుని బియ్యం తిరిగిచ్చినట్టు, తీసుకున్న రూపంలో కాకుండా వేరే రూపంలో తీర్చారు. ఆ సన్నివేశంలో ఇప్పటికీ ఏడుస్తాను.

ఈ వారంలోనే ఒక నష్టం. మొదటి పెద్ద వానకు కిటికీ నుంచి జల్లు కొట్టి, 3వ, 4వ వరుసల ముక్కలు తడిసిపోయాయి. ఇంకు పెన్నుతో రాసినవి చెదిరిపోయి ఒక్క అక్షరం మిగల్లేదు. 11 సన్నివేశాలు గుర్తుతెచ్చుకుని మళ్లీ రాశాను. ఇకనుంచి బాల్‌పెన్ మాత్రమే, ప్రతి ఆదివారం గోడంతా ఫోన్‌తో ఫొటో.

జూలై

ఈ నెలంతా క్రాస్ఓవర్ మీదే, అంటే ఒక సీరియల్ వాళ్లు ఇంకో సీరియల్‌లోకి వచ్చే కథ మీదే పోయింది. చెప్పాల్సింది కూడా ఎక్కువ దీని గురించే ఉంది.

నా సీజన్‌లో రెండు సీరియళ్లు. ఒకటి ఫ్లాష్ ఉండే సెంట్రల్ సిటీలో కొత్త వేగగాళ్లది, 13 ఎపిసోడ్లు. రెండోది కాలం చెరలో లెజెండ్స్ కథ, 8 ఎపిసోడ్లు. మొదటి దాని 7వ ఎపిసోడ్, రెండో దాని 5వ ఎపిసోడ్ కలుస్తాయి. రాతలో డబ్బు ఖర్చు లేదు కదా అని మొదట అందరినీ ఒకచోట నిలబెట్టాను. 19 మంది వచ్చారు. ఎవరికీ నాలుగు మాటలకు మించి లేవు. చదివితే పెళ్లి ఫొటోకు నిలబడ్డట్టు ఉంది. చించేశాను.

అసలు సీరియళ్లకు హద్దులు ఉండేవి. ఎక్కువ భాగం వ్యాంకూవర్‌లో తీసేవారు కాబట్టి నటులు ఒక సెట్ నుంచి ఇంకో సెట్‌కు వెళ్లగలిగేవారు. ‘బ్లాక్ లైట్నింగ్’ను అట్లాంటా వైపు తీసేవారు. 2018 జనవరిలో మొదలైన ఆ సీరియల్ కథానాయకుడు మిగతావాళ్లను కలిసింది 2019 డిసెంబరులో, క్రైసిస్‌లోనే. ఎవరు ఎవరిని కలవాలన్నది కథ ఒక్కటే నిర్ణయించదు, దూరం కూడా నిర్ణయిస్తుంది. అందుకని నేనూ హద్దులు పెట్టుకున్నాను: మొత్తం 5 సెట్లు, ఎపిసోడ్‌కు ఇద్దరికి మించి అతిథులు లేరు, ఎపిసోడ్ 42 నిమిషాలు, మధ్యలో 5 ప్రకటన విరామాలు. ప్రతి విరామానికి ముందు ఒక ప్రశ్న మిగలాలి.

అయినా ఏదో కుదరలేదు. అటు నుంచి వచ్చినవాళ్లు సాయం చేసి, చెయ్యి ఊపి వెళ్లిపోతున్నారు. తర్వాతి ఎపిసోడ్‌లో వాళ్ల ఇంట్లో ఏ మార్పూ లేదు.

ఒక మధ్యాహ్నం మిల్లులో జమాఖర్చు రాస్తుండగా తట్టింది. ఒక ఖాతాలో జమ రాస్తే ఇంకో ఖాతాలో ఖర్చు పడాలి, లేకపోతే పద్దు కుదరదు. క్రాస్ఓవర్ కూడా అంతే. ఒక సీరియల్‌లో వాళ్లకు అందిన సాయం, ఇంకో సీరియల్‌లో వాళ్లు పోగొట్టుకున్నదై ఉండాలి. ఆ రాత్రే లాంగ్ బుక్‌లో పేజీ మధ్య గీత గీసి, ఎడమవైపు చెర, కుడివైపు సెంట్రల్ సిటీ అని రాసి కూర్చున్నాను. 9:30కి కూర్చుంటే ఒంటిగంట దాటింది.

వచ్చిన కథ ఇది. కాలం చెరలో కాలం నడవదు. ఖైదీలకు వయసు పెరగదు, ఆకలి వేయదు, గాయం మానదు. సారా కడుపులో మూడో నెల బిడ్డ, ఎన్నాళ్లు గడిచినా మూడో నెలలోనే ఉంటుంది. ఏవరీ భౌతికశాస్త్రం చదివిన పిల్ల, తన పరుగుతో కొంత కాలాన్ని వెంట మోసుకుపోవచ్చని లెక్క వేస్తుంది. చెర చుట్టూ పరుగెత్తినంతసేపు లోపల కాలం కదులుతుంది. కానీ ఆ కాలం ఎక్కడి నుంచో పుట్టదు, ఏవరీ సొంత జీవితం నుంచే పోతుంది. బిడ్డకు కావలసిన 6 నెలలు ఏవరీ ఇస్తుంది. తిరిగి వచ్చేసరికి సెంట్రల్ సిటీలో 6 నెలలు గడిచిపోయి ఉంటాయి. ఆమె లేని ఆ నెలల్లో మ్యాక్స్ ఒంటరిగా ఒక పోరాటం ఓడిపోయాడు. జెస్ జట్టును వదిలేసింది. 8వ ఎపిసోడ్ ఆ ఖాళీ ఇంటి తలుపు దగ్గర మొదలవుతుంది. చెర వైపు 6 నెలలు జమ, సిటీ వైపు 6 నెలలు ఖర్చు. పద్దు కుదిరింది.

విలియం కూడా ఈ చెరలోనే దొరికాడు. సారా పక్క గదిలో పెట్టాను. 2040 నుంచి తెచ్చిన సాక్షి. విలియంకు తండ్రి ఆలివర్ అంటే పడవ మునిగి, ద్వీపంలో చిక్కుకుని తిరిగొచ్చిన మనిషే తెలుసు. సారా అంతకుముందు ఆలివర్‌తో ఆ పడవలో ఉన్న మనిషి. గోడకు అటు ఇటు కూర్చుని, పడవ మునగకముందు నీ నాన్న ఎలా నవ్వేవాడో ఆమె చెబుతుంది. ఈ ఒక్క సన్నివేశాన్ని ముక్క మీద రెండు లైన్లతో వదలకుండా, సంభాషణలతో సహా 4 పేజీలు రాశాను. శక్తులు లేవు, కొట్లాట లేదు, ఒకే సెట్. సీజన్ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే.

ఆగస్టు రెండో వారం

మహబూబ్‌నగర్‌లో ఉండే మా చిన్నమ్మ కొడుకు దగ్గరికి పుస్తకం పట్టుకుపోయాను. వాడు డిగ్రీ చదువుతున్నాడు. ఈ సీరియళ్లు నాకు అలవాటు చేసిందే వాడు. పిల్లలమర్రి చూద్దామని తీసుకెళ్లాడు. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ మర్రి మూడు ఎకరాలకు పైగా పాకింది. కొన్నేళ్ల కిందట చెదలు పట్టి కొమ్మ విరిగిపడితే, సెలైన్ సీసాలతో మందు ఎక్కించి బతికించుకున్నారు. ఆ ఆవరణలోనే ఒక బెంచీ మీద కూర్చుని రెండు గంటల్లో మొత్తం చదివేశాడు.

“అక్కా, 3వ ఎపిసోడ్‌ల మియా బ్యారీని చూసి ‘మీరెవరు’ అంటది. ఆర్మగెడాన్‌ల ముందే కలిసిండ్రు గదా. గప్పుడు గూడ ఆమె విలియం కోసమే తిరుగుతుండె.”

నిజమే. 2021లో ‘ది ఫ్లాష్’ 8వ సీజన్ మొదట్లో వచ్చిన ఐదు భాగాల కథలో మియా వచ్చింది. బాకీల పేజీలో విలియం పేరు ఎక్కించి, మధ్యలో జరిగిన చెల్లింపు రాసుకోలేదు. మిల్లులో అయితే పెద్ద తప్పు అది.

“తప్పు నాదేరా. 3వ ఎపిసోడ్ మొత్తం మార్చాలి.”

“మొత్తం ఎందుకక్కా? ఆమెకు బ్యారీ తెలుసు కాబట్టే సీదా వాళ్లింటికి రానీ. వాళ్ల బిడ్డ నోరా పసిపిల్ల గదా, ఆ పిల్లను ఎత్తుకుని మాట్లాడనీ.”

అది నాకన్నా మంచి ఆలోచన. మియా ఒళ్లో నోరా, మాటలేమో తప్పిపోయిన అన్న గురించి. 7 ముక్కలు మార్చితే సరిపోయింది. బస్సులో తిరిగొస్తూ ఆ సన్నివేశం ఫోన్‌లో చెప్పి రికార్డు చేసుకున్నాను.

వాడి రెండో అభ్యంతరానికి మాత్రం ఒప్పుకోలేదు. చివర్లో ఆలివర్‌ను మళ్లీ బతికించమన్నాడు. క్రైసిస్‌లో అతను చనిపోయాడు, ‘ది ఫ్లాష్’ 9వ సీజన్‌లో ఒక్క ఎపిసోడ్‌కు వచ్చి వీడ్కోలు చెప్పి వెళ్లాడు. అది తీరిన పద్దు. సారా చెప్పే మాటల్లో అతను ఉన్నాడు, నా సీజన్‌కు అంత చాలు.

ఆగస్టు చివర

సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారు. చుట్టుపక్కల నాట్లు జోరుగా పడుతున్నాయి. ఈ పంట మిల్లుకు చేరేలోగా రాత ముగించాలి, వడ్లు మొదలైతే మళ్లీ గోడ వైపు చూసే తీరిక ఉండదు.

ఇప్పటి లెక్క: రాసిన ముక్కలు 118, గోడ మీద ఉన్నవి 79. మిల్లులో క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలి. నాకు సరిగ్గా ఆ 67 శాతమే నిలిచింది. మిగతావి తవుడు కింద రబ్బరు బ్యాండు వేసి డబ్బాలో పెట్టాను, పారేయలేదు. సిటీ కథ 13లో 8 ఎపిసోడ్ల ముక్కలు పూర్తి. చెర కథ 8లో 6. ఎర్ర సిరా బాకీలు 23లో 15 తీరాయి.

9వ ఎపిసోడ్ దగ్గర ఆగి ఉన్నాను. ఏవరీ తన 6 నెలలు ఎవరికిచ్చిందో జెస్‌కు తెలియాలి. కానీ ఏవరీ తన నోటితో చెప్పకూడదు. సారా బిడ్డను ఎత్తుకుని తలుపు తట్టాలా, లేక ఉత్తరం పంపాలా అన్నది తేలలేదు. తలుపు తడితే, ముందే ఉన్న ఒకరితో కలిపి ఆ ఎపిసోడ్‌కు అతిథులు ముగ్గురవుతారు, నా హద్దు దాటుతుంది. పసిబిడ్డను అతిథి కింద లెక్కవేయాలా వద్దా అని తమ్ముడికి మెసేజ్ పెట్టాను. ఈ రాత్రికి రెండు రకాలుగానూ రాసి, పక్కపక్కన క్లిప్పు పెట్టి చూస్తాను.